గాయం గడిలో బూటు

స్వచ్ఛంద విరమణకు రెండేళ్ల ముందు, ఒక జూన్ నెలలో, నన్ను శేరిలింగంపల్లి జోన్‌కు పశువైద్యాధికారిగా వేశారు. పేరుకే పశువులు, పనంతా వీధికుక్కలతోనే. పట్టించడం, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయడం, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొస కత్తిరించి, పట్టిన చోటే వదలడం. ఆ ‘పట్టిన చోటే’ దగ్గరే జనానికీ నాకూ తగాదా.

రెండో వారంలోనే రాయదుర్గం నుంచి ఫిర్యాదు. ఆఫీసు టవరు పక్కన హాలు కిరాయికి తీసుకుని ఆదివారాలు ప్రార్థన జరుపుకునే సంఘం వాళ్లది. పాస్టరుగారు మిగతా రోజుల్లో సాఫ్ట్‌వేర్ మేనేజరు. అందుకే ఒకే ఫిర్యాదును మూడుసార్లు, ప్రతిసారీ ఒక మెట్టు పై అధికారికి పంపారు. ముసలి ఆడకుక్క ఒక విశ్వాసిని కరిచింది, దాన్ని రింగ్ రోడ్డు అవతల వదిలేయాలి అని సారాంశం.

అవతల వదిలితే అక్కడి కుక్కలు దాన్ని పొద్దుగుంకేలోపు చీల్చేస్తాయి. కాటు నమోదైతే పట్టి పది రోజులు బోనులో ఉంచి గమనించాలి. ఆ తర్వాత దాన్ని మళ్లీ ఇక్కడ వదలనిచ్చేది లేదని సంఘం పట్టు.

ఆదివారం ప్రార్థన ముగిసే వేళకు వెళ్లాను. పాస్టరుగారు మర్యాదగా టీ ఇప్పించారు. “దేవుడు జంతువుల మీద మనకు అధికారం ఇచ్చాడు కదండీ,” అన్నారు.

నేనూ సండేస్కూల్లో బహుమతులు కొట్టినదాన్నే, నోరు ఊరుకోలేదు. “ఇచ్చాడు. నాకూ ఈ జోన్ మీద అధికారం ఇచ్చారు పాస్టరుగారూ. అంతమాత్రాన శేరిలింగంపల్లి నాదైపోయిందా? పైవాళ్లకు జవాబు చెప్పుకోవద్దూ?”

ఆయనా తక్కువవాడు కాదు. బైబిల్లో దయ్యాలను పందుల్లోకి పోనిస్తే మంద మొత్తం నీళ్లలో పడి చచ్చింది కదా, ప్రభువు వాటిని పట్టించుకున్నాడా అని అడిగారు. దానికి నా దగ్గర ఇవాళ్టికీ సరైన జవాబు లేదు. ఉన్నట్టు ముఖం పెట్టి, విశ్రాంతి దినాన గుంటలో పడ్డ ఎద్దును పైకి తీయరా అన్నది కూడా ఆ ప్రభువే కదా అన్నాను. ఇద్దరి టీలూ చల్లారిపోయాయి.

అప్పుడు నమోదు పత్రం తీశాను. అందులో ‘గాయం శరీరంలో ఎక్కడ’ అని ఒక గడి ఉంటుంది. కాటు తిన్న బ్రదర్‌ను పిలిపించాను. కుంటకుండానే వచ్చాడు. గాయం చూపించమంటే పాస్టరుగారి వంక చూశాడు. హాలు ఊడ్చే బాలమణి చీపురు పక్కన పెట్టి విషయం తేల్చేసింది.

“గా కుక్క మనుషుల్ని కరవదు మేడమ్. లోపల మీటింగైతుంటే బయట ఇడిసిన బూట్లు నములుతది, గంతే. ఈ సారుది జర ఖరీదు బూటు.”

ప్రార్థనకు వచ్చినవాళ్లు పాదరక్షలు గుమ్మం బయట విడవడం మన సంఘాల్లో మర్యాద. పైగా ప్రసంగం మూడు గంటలు. ఆ వయసులో దానికి వేరే కాలక్షేపం ఏముంది?

పాస్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి. కుక్క మనిషిని కరిచిందనే తనతో చెప్పారన్నారు. నమ్మాను. చూడకుండా పైకి పంపడం మేనేజర్లకు అలవాటే. చూడకుండా అరగంట వాదించడం మాత్రం నా వంతు.

గాయం గడిలో ‘కుడికాలి బూటు, మడమ భాగం’ అని రాసి, కుక్కను కదల్చనక్కర్లేదని సంతకం పెట్టాను. మరుసటి ఆదివారానికల్లా గుమ్మం పక్కన తలుపులున్న చెప్పుల బీరువా వెలిసింది. ఆ రోజు పాస్టరుగారు అధికారం మీద ప్రసంగిస్తూ నా జోన్ ఉదాహరణే వాడారట, పేరు మాత్రం చెప్పలేదట. బాలమణి చెప్పింది.

ముందు గాయం చూడాలి, వాదన తర్వాత. ఆ కేసు నేర్పింది ఇదే. సృష్టి మీద మనిషి అధికారం ఎంతవరకో వేదాంతులు తీరిగ్గా తేల్చుకోవచ్చు. ఎవరి బూట్లు వాళ్లు లోపల పెట్టుకోవడం మాత్రం కచ్చితంగా ఆ అధికారం పరిధిలోకే వస్తుంది.