నాన్న పేరు చెప్పని పైలట్లు

జెద్దా పాతబజారు బలద్‌లోని రేడియోల కొట్లో పెట్టె విప్పగానే కొత్త ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. చేతిలో ఇమిడే స్కానర్లు రెండు నా ముందు పెట్టాడు కొట్టాయన, పెషావర్ మనిషి. ఒకటి స్టేషన్లన్నీ తనే గబగబా వెతుక్కుంటుంది కానీ ఛార్జింగ్ నిలవదు. రెండోది మామూలు బ్యాటరీలతో నడుస్తుంది, నంబర్లు మనమే నొక్కాలి. విమానాల మాటలు రెండింట్లోనూ వస్తాయి. ఏది తీసుకోవాలో తేలక నిలబడిపోయాను.

నా ఏడో ఏట జెద్దాలో మా ఇంట్లో ఉన్నది పొడుగు యాంటెన్నా రేడియో. అమ్మ ఆస్పత్రిలో నర్సు. నాన్న నజ్రాన్‌లో ఎలక్ట్రీషియన్, రెండు నెలలకోసారి గురువారం మధ్యాహ్నం విమానంలో వచ్చి శుక్రవారం సాయంత్రానికి వెళ్ళిపోయేవాడు. ఆ గురువారాల్లో అమ్మ పెందలాడే లేచి, పాలకొల్లు నుంచి తెచ్చుకున్న ఎండురొయ్యలు వంకాయల్లో వేసి వండి, "నాన్న తప్ప ఎవరు కొట్టినా తలుపు తియ్యకే" అని నూటొక్కసారి చెప్పి డ్యూటీకి పోయేది. ఇక ఆ కూర వాసనా, ఏసీ హోరూ, నేనూ. ఒంటరితనమన్న మాట తెలియదు కానీ ఏడుపు మాత్రం వచ్చేది. అందుకే నాన్న ఓసారి రేడియో ముల్లు ఒకచోటికి తిప్పి, "ఇక్కడ పైలట్లు మాట్లాడతారే బుజ్జీ, ఈసారి నేనొచ్చేప్పుడు విను" అన్నాడు.

అక్కడ చర్చిలుండవు కనుక శుక్రవారాలు ఇంట్లోనే కర్టెన్లు వేసుకుని, గొంతు తగ్గించి పాటలు పాడుకున్నాక, అమ్మ ప్రార్థనలో ప్రయాణాల్లో ఉన్నవాళ్ళందర్నీ పేరుపేరునా తలిచేది. పైలట్లూ అలాగే విమానంలో ఉన్నవాళ్ళ పేర్లు చదువుతారనుకున్నాను.

నాన్న రావలసిన గురువారం రేడియోకి చెవి ఆనించి కూర్చున్నాను. అన్నీ అంకెలే, ఒక్క పేరూ లేదు. నాన్న రావట్లేదని ఏడుస్తూండగా బెల్ మోగింది.

"తలుపు తియ్యవే బుజ్జీ, నేనేనే, నాన్నని!"

గొంతు నాన్నదే. కానీ పైలట్ చెప్పలేదుగా! ఎవడో నాన్నలా మాట్లాడుతున్నాడనుకుని మంచం కింద దూరాను. అమ్మ వచ్చేదాకా, మూడు గంటలపైనే, నాన్న మెట్ల మీద కూర్చున్నాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది!" అని అమ్మ తల బాదుకుంది. నాన్న మాత్రం "ఇది కాపలా ఉంటే ఇంటికి తాళమెందుకే!" అని నవ్వి, చల్లారిన కూరతోనే అన్నం కలిపి మొదటి ముద్ద నాకే పెట్టాడు. ఆయన ఉండేదే ఒక్కరోజు; అందులో ఓ పూట నేను మెట్లపాలు చేశాను.

ఇప్పుడు నేనూ ఇక్కడే నర్సుని. నాన్న పోయి నాలుగేళ్ళు, అమ్మ అంతకు ముందే పోయింది. మా పాత బిల్డింగ్ ఉన్నచోట రోడ్డు పడింది.

"కౌన్ ఆ రహా హై, బహెన్?" ఎవరొస్తున్నారని అడిగాడు కొట్టాయన.

"కోయీ నహీ", ఎవరూ లేరన్నాను.

రెండోదే తీసుకున్నాను. నంబర్లు ఒక్కొక్కటీ నొక్కుకుంటూ కూర్చుంటే, సెలవురోజు అంతసేపైనా గడుస్తుంది.