ఐదు తీగల రత్నాబాయి

సైదులును ఎవరైనా ఉస్తాద్ అని పిలిస్తే రత్నాబాయికి ఒళ్లు మండిపోయేది. ఉస్తాదట! తీగలు అతికే సాల్డరింగ్ కడ్డీ వేడెక్కిందో లేదో వేలు పెట్టి చూసుకుని, ఆ వేలు నోట్లో పెట్టుకుని గెంతినవాడు ఉస్తాద్! అయినా సరే, బొంబాయి కామాటిపుర పదకొండో గల్లీలో వీడియో గేమ్ పాడైందంటే అందరూ వాడి దగ్గరికే పరుగెత్తేవాళ్లు.

సైదులు ఆమెకు మరిది. చాల్ అనే ఆ ఇరుకు గదుల మేడలో కింది గదిలో, గల్లీ వైపు తలుపు దగ్గర కూర్చునేవాడు. వాడి వెనక పాత చీర ఒకటి తెరలా వేలాడేది, ఆ తెర వెనక రత్నాబాయి ఉండేది. గేమ్ సెట్టు వస్తే వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి, పెద్ద డాక్టరులా పెదవి విరిచి, "టైం లగ్తది సేట్" అనేవాడు. తెచ్చినవాడు అటు తిరగగానే తెర సందులోంచి లోపలికి తోసేవాడు. బాగుపడ్డ సెట్టు అదే సందులోంచి బయటికొచ్చేది. వాడు దాన్ని తన చొక్కా అంచుతో తుడిచి మరీ ఇచ్చేవాడు. ఆ తుడవడం ఒక్కటే వాడు చేసిన పని.

తెర కట్టింది అత్త లక్ష్మవ్వ. "కామాటిపురల గల్లీ మొకాన ఆడది కూసుంటే సూసెటోడు ఏమనుకుంటడు? మనం ఇజ్జత్‌తోని బతికెటోళ్లం" అనేది. రెండు గల్లీల అవతల తలుపుల్లో నిలబడే ఆడవాళ్లు పొట్టకోసం నిలబడ్డారు. వాళ్లకోసం గ్రాంట్ రోడ్ స్టేషన్ దిగి వచ్చే మగాళ్లకు లేని ఇజ్జత్ బెంగ తనకెందుకో రత్నాబాయికి ఏనాడూ బోధపడలేదు. ఆ మాట అంటే లక్ష్మవ్వ రెండు రోజులు అన్నం ముట్టేది కాదు. అందుకని అనేది కాదు.

పని ఆమె ఎక్కడో దొంగతనంగా నేర్చుకున్నది కాదు. అంధేరిలో విదేశాలకు సరుకు పంపే ఫ్యాక్టరీ ఒకదానిలో ఏడేళ్లు భూతద్దం కింద తల వంచి చీమకాళ్లంత తీగలు అతికింది. పక్క వరుసలో కూర్చున్న పిల్లలు తప్పు చేస్తే సూపర్‌వైజరు ఆమెనే పిలిచేవాడు. ఆ ఫ్యాక్టరీ ఓ సోమవారం తెరుచుకోలేదు. అంతకు ముందే బట్టల గిరణి సమ్మెలో పని పోయిన భర్త భూమయ్య దిగులుతో మంచం పట్టి పోయాడు. ఇంట్లో మిగిలింది అత్త, ఈ బడాయి మరిది. అప్పుడే దుబాయ్ నుంచి వచ్చేవాళ్ల పెట్టెల్లో ఈ గేమ్ సెట్లు దిగడం మొదలైంది. రత్నాబాయి ఒకదాన్ని విప్పి చూసి, "ఇంతేనా!" అని నవ్వింది. దుకాణం అలా మొదలైంది.

ఆమె సైదులును అడిగింది ఒక్కటే. "నేను జేస్తున్న అని ఒక్కపారి నలుగుట్ల చెప్పు. చాలు." వాడు పళ్లికిలించి, "చెప్తే నవ్వుతరు వదినె" అన్నాడు. ఆ మాట ఆమె మరిచిపోలేదు.

ఎనభై తొమ్మిదిలో, వానలు వెనకబట్టిన రోజుల్లో, పై అంతస్తు శంకర్రావు తన ముందుగదిలో గేమ్ పార్లర్ పెట్టాడు. పోరగాళ్లు గుంజిన గుంజుడుకు నెల తిరక్కుండానే రిమోటు తీగ తెగింది. రిమోటంటే చేత్తో పట్టుకుని మీటలు నొక్కే డబ్బా. ఆ రోజు రత్నాబాయి దాదర్‌లో పెళ్లికి పోయింది. ఉస్తాద్ గారికి "రేపు రా" అనడానికి నామోషీ. లామింగ్టన్ రోడ్ కరెంటు సామాన్ల దుకాణాల నుంచి ప్లగ్గుతో సహా వేరే కంపెనీ పొడుగు తీగ తెచ్చి, పాతది కోసేసి, ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు అతికించి పారేశాడు. దాని లోపల ఐదు సన్న తీగలు, ఐదు రంగులు. పిల్లలు కూడా కలపగలరు!

మర్నాడు పొద్దున శంకర్రావు సెట్టు పట్టుకుని అరుస్తూ దిగాడు. వెనక సగం చాల్ దిగింది. రిమోటు పెట్టగానే టీవీలో బొమ్మ మాయమవుతోందట.

"ఏం లేదు సేట్, అడాప్టర్ కమ్‌జోర్ ఉంది" అంటూ సైదులు సెట్టును తెర సందులోంచి తోశాడు. అది తిరిగి బయటికొచ్చింది.

"నాకు బియ్యం ఏరేదున్నది. నువ్వే జెయ్ ఉస్తాద్" అంది లోపల్నుంచి రత్నాబాయి.

వాడు అరలోంచి అన్నిటికంటే పెద్ద అడాప్టర్ తీసి గుచ్చాడు. కరెంటు ఎక్కువిస్తే సెట్టుకు బలమొస్తుందని వాడి వైద్యం! క్షణంలో సెట్టులోంచి పొగ లేచింది. జనం ముక్కులు మూసుకున్నారు.

"నా సెట్టు కాలవెట్టినవ్ రా బేకార్!" అని శంకర్రావు వాడి చొక్కా పట్టుకున్నాడు.

రత్నాబాయి తెర తొలగించి బయటికొచ్చింది.

"లోపలికి పో! గల్లీ సూస్తున్నది!" అని లక్ష్మవ్వ పళ్లు కొరికింది.

"సూడనియ్ అత్తా. ఇన్ని రోజులు వీన్ని సూసింది గద, నాకంటె వీడు సక్కగున్నడా?"

నేల మీదే కూర్చుని రిమోటు విప్పింది. వేలితో లోపలి ఐసీని, ఆ నల్లటి చిప్పును, తాకి చెయ్యి వెనక్కి తీసుకుంది. "కాలిపోయింది. ఎర్రదానికి ఎర్రది అతికిచ్చిన గాడిద ఎవడు? పెండ్లి జాకెట్లకు రంగు సూసినట్టు సూసిండ్రా? కంపెనీ కంపెనీకి రంగు మారుతది. దీంట్ల కరెంటు ఎర్రదాంట్ల లేదు, పచ్చదాంట్ల ఉంది. ఉల్టా పోయింది కరెంటు." టార్చి బల్బు, రెండు సెల్లులు పట్టుకుని ప్లగ్గులోని ఒక్కో రంధ్రం నుంచి ఒక్కో తీగ చివరిదాకా వెలిగించి చూసింది. తన డబ్బాలోంచి కొత్త ఐసీ తీసి వేసింది. ఐదు తీగలూ సరైన చోట అతికింది. సెట్టులో కరెంటును అదుపుచేసే, మాడిన మూడు కాళ్ల ముక్క తీసేసి కొత్తది పెట్టి, వేడి పీల్చుకోవడానికి దానికో అల్యూమినియం రేకు బిగించింది. పాత చిన్న అడాప్టరే గుచ్చింది. టీవీలో బొమ్మ లేచి గెంతింది. పోరగాళ్లు ఈలలు వేశారు.

శంకర్రావు మొహం వెలిగిపోయింది. "అరె వా! సైదులూ, వదినెకు గూడ మంచిగ నేర్పినవ్ రా!"

రత్నాబాయి మరిది మొహంలోకి చూసింది. ఇప్పుడైనా చెప్తాడేమోనని ఒక్క నిమిషం ఆశపడింది. సైదులు నలిగిన చొక్కా సర్దుకున్నాడు. "ఇంట్ల ఖాలీ కూసుంటది గదా సేట్. జర సూపెట్టిన."

సిగ్గూ శరం లేని మనిషి! రత్నాబాయి ప్లగ్గు పీకింది. రిమోటు మళ్లీ విప్పింది. వేడి కడ్డీతో ఒక్కో అతుకూ కరిగించి ఐదు తీగలూ ఊడదీసింది. రిమోటు, కడ్డీ తెచ్చి వాడి ఒళ్లో పెట్టింది.

"సూపెట్టినోనివి నువ్వే గద. కలుపు."

గల్లీ మొత్తం గుడ్లప్పగించి చూస్తోంది. సైదులు కడ్డీ పట్టుకున్నాడు. ఒక తీగ ఎత్తాడు, దించాడు. ఇంకోటి ఎత్తాడు. వాడి చెంప మీంచి చెమట కారి రిమోటు మీద పడింది. చివరికి తలెత్తకుండా, లోగొంతుతో అడిగాడు.

"ఏది యాడ, వదినె?"

ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి కూడా చాలనంత చిన్నగా అయిపోయాడు వాడు. శంకర్రావుకు విషయం అప్పటికి ఎక్కింది. ఎక్కడానికి అంతసేపు పట్టింది మహానుభావుడికి! "రత్నమ్మా, జర నువ్వే జెయ్యరాదు" అన్నాడు.

"చేస్త. ముందుగాల ఈడు సెప్పాలె. ఇన్నొద్దులు ఎవరు జేసిండ్రు సైదులూ? గట్టిగ జెప్పు, మా అత్తకు జర చెవుడు."

"నువ్వే" అన్నాడు సైదులు. "అన్ని నువ్వే జేసినవ్."

లక్ష్మవ్వ నోరు తెరిచి, గల్లీ వైపు ఓసారి చూసి, మళ్లీ మూసుకుంది.

"మంచిది. ఇగ లెవ్వు" అంది రత్నాబాయి. "వెలుతురుకు అడ్డమున్నవ్."

సైదులు లేచి పక్కకు జరిగాడు.