బ్రేకు పని, యూసుఫ్ వాళ్ల అమ్మీ

రెండువేల ఆరు, వానాకాలం. దబీర్‌పురాలో తోడల్లుడి ఇంటి నుంచి భార్యాపిల్లలతో విజయవాడ బయల్దేరాల్సిన పొద్దున, మా కారులో ఏబీఎస్ దీపం వెలిగి ఆరనని కూర్చుంది. తడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేసినప్పుడు చక్రాలు బిగుసుకుపోయి బండి జారకుండా చూసేది ఆ ఏబీఎస్సే. ఒక మెకానిక్ "బల్బు పీకేస్తే సరి" అన్నాడు. ఒళ్లు మండి, రైలు స్టేషను దగ్గర యూసుఫ్ అనే ఇంకో మెకానిక్ షెడ్డుకు తీసుకెళ్లాను.

యూసుఫ్ ఒక్కో చక్రమే విప్పి చూశాడు. ముందు ఎడమ చక్రం వేగాన్ని కనిపెట్టే సెన్సరు మీద ఇనుపరజను, బురద గడ్డకట్టి ఉన్నాయి. శుభ్రంగా తుడిచి బిగించాడు.

"జర నడిస్తెగాని బత్తి ఆరదన్నా. ఆగు, అమ్మీని పిలుస్త."

పక్కింట్లోంచి డెబ్బై ఏళ్ల ఆవిడ చేతిసంచితో వచ్చి, వెనక సీట్లో కూర్చుంది. నేను తెల్లబోయాను.

"బ్రేకు పని జేస్తే ముందుగాల అమ్మీని కూసోబెట్టుకొని తిప్పుత. గప్పుడే బండి ఇస్త," అన్నాడు యూసుఫ్.

యూసుఫ్ పక్క సీట్లో నేనూ ఎక్కాను. మాదన్నపేట మార్కెట్ దాటకముందే దీపం ఆరింది. ఖాళీ రోడ్డు చూసి యూసుఫ్ గట్టిగా బ్రేకు తొక్కాడు. కారు తిన్నగా ఆగింది.

"ఇగ వాపస్ పోదమా?" అన్నాడు.

వెనక నుంచి అమ్మీ నా భుజం తట్టింది. "నా కొడుకు బాగుచేసిన బండ్లల్లనే పట్నమంతా జూసిన బేటా. బేగంబజార్ల అన్నం వండనీకి గంజు గిన్నె కొనేదుంది. జర అటు పోదమా?"

పోనివ్వమన్నాను. విజయవాడ ఎక్కడికి పోతుంది!