ఫ్లెక్సీ వెనక లేతు

విదేశీ కంపెనీ వాళ్లు నాచారంలోని మా షెడ్డు చూడ్డానికి వస్తున్నారని తెలిశాక మా ఓనర్ కొట్టించిన రంగుతో ఉప్పల్ స్టేడియానికి రెండు కోటింగులు వేయొచ్చు. గేటు పక్కన వేపచెట్టుకు సున్నం వేశారు. కదలకుండా నిలబడితే నాకూ వేసేవాళ్లే. వాళ్లు పెట్టుబడి పెడితే షెడ్డు బతుకుతుంది, లేకపోతే తాళం. అది అందరికీ తెలుసు.

ఒక్కటే చిక్కు, ఇనుము చెక్కే పాత లేతు మెషిన్. కుతుబ్‌షాహీల కంటే రెండేళ్లు పెద్దది. దాని మీద ముప్పై ఏళ్లుగా పనిచేసే పెద్దాయన రోజూ పొద్దున సుద్దతో చిన్న సిలువ గీసేవాడు. పక్కనే మేము దసరాకు పెట్టిన బొట్టు. వాళ్లకు నమూనాగా పంపిన షాఫ్టు, ఆ నున్నటి ఉక్కు కడ్డీ, ఆయన ఆ లేతు మీద చేసిందే.

"జర ఆ డొక్కుదాన్ని దాయి. ముసలాయన్ని గూడ," అన్నాడు ఓనర్.

సూపర్‌వైజర్‌ని నేనే కదా. 'స్వాగతం' ఫ్లెక్సీని లేతుకు అడ్డంగా కట్టించాను.

"నన్ను గూడ దీని ఎనకనే కట్టేస్తవా తమ్మీ?" అన్నాడు పెద్దాయన.

"ఇంటికి పో మామా. రేపు రా."

నవ్వుతూనే వెళ్లాడు.

వచ్చినవాళ్లకు ఓనర్ స్థలం, కరెంటు, రింగురోడ్డు, పన్ను రాయితీల గురించి గంటసేపు చెప్పాడు. పెళ్లిలో అవతలివాళ్ల బంధువుల ఉపన్యాసం విన్నట్టు విన్నారు. తర్వాత వాళ్లలోని ఒకావిడ సంచిలోంచి మా షాఫ్టు తీసి, దీన్ని ఎవరు చేశారు, ఎన్నేళ్లుగా ఇక్కడ ఉన్నారు అని అడిగింది.

ఓనర్ నా వైపు చూశాడు. కొత్త కంప్యూటర్ మెషిన్ మీద చేశామని చెప్పాను. అయితే ఇప్పుడు ఇంకొకటి చేసి చూపించమంది. మూడుసార్లు చేయించాం. మూడింటినీ గోటితో తడిమి పక్కన పెట్టింది. ఫ్యాను గాలికి ఫ్లెక్సీ లోపలికి అంటుకుని, 'స్వాగతం' అక్షరాల మీద లేతు ఆకారం తేలింది. ఆవిడ అటు చూసి, తను తెచ్చిన షాఫ్టును మళ్లీ సంచిలో పెట్టుకుంది.

స్థలమూ కరెంటూ ఎక్కడైనా దొరుకుతాయని, నమ్మకంగా నిలిచే పనివాళ్ల కోసం వచ్చామని, వాళ్లు కనిపించలేదని ఉత్తరం రాశారు.

లేతును తుక్కు లారీకి ఎక్కించే రోజు పెద్దాయన వచ్చాడు. చొక్కా చేతితో సిలువను తుడిచాడు.

"ఆ దినం నేను ఇంటికి పోలే తమ్మీ. గేటు బయట చాయ్ బండి కాడనే కూసున్న. ఎట్లయిన పిలుస్తవనుకున్న."

ఇప్పుడా షెడ్డు పార్సిళ్ల గోదాము. లాలాపేట నుంచి వచ్చేటప్పుడు అక్కడ నా బండి తనంతట తానే నెమ్మదిస్తుంది, షెడ్డు లోపల ఇంకా లేతు తిరుగుతున్నట్టే వినిపిస్తుంది. చాయ్ బండి దగ్గర బెంచీ ఎప్పుడూ కిక్కిరిసే ఉంటుంది. ఒక మనిషి పట్టేంత చోటు మాత్రం నాకు ఖాళీగానే కనిపిస్తుంది.