కోట వెనుక ద్వారం

మిషిగన్‌లోని మ్యాకినా ద్వీపానికి వెళ్ళొచ్చి నెల దాటింది. ఆ రోజు కోట మీదికి అత్తయ్యను మా ఆయనే తీసుకెళ్ళారని మా ఊరు నోవైలోని స్నేహితుల్లో అప్పుడే ఒక మాట స్థిరపడుతోంది. ఆయన కాదనడమూ లేదు. ఫోటోల్లో ముందున్నది ఆయనే మరి. ఫోటోలో పడనిది కాగితం మీదైనా ఉండాలి, అందుకే రాస్తున్నాను.

నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగిపోయింది. ఇక్కడికొచ్చాక ఊళ్ళో లైబ్రరీయే నా కాలేజీ. మొదట పిల్లల బొమ్మల పుస్తకాలు, తర్వాత నిఘంటువు పక్కన పెట్టుకుని చరిత్ర. ఈ వేసవిలో అత్తయ్య మా దగ్గరికి వచ్చాక ఆ ద్వీపం గురించి మూడు పుస్తకాలు తెచ్చుకున్నాను. అక్కడ నూరేళ్ళకు పైగా మోటారు కార్లు తిరగనివ్వడం లేదనీ, అన్నీ గుర్రాలూ సైకిళ్ళేననీ చదివి మా ఆయనతో చెప్పాను.

ఆయన కార్లకు బ్రేకులు డిజైన్ చేస్తారు. నవ్వేశారు.

"మిషిగన్‌లో కార్లు లేని ఊరా? నువ్వు చదివింది ఏదో పాత బుక్ అయ్యుంటుంది. దిగాక క్యాబ్ బుక్ చేద్దాంలే."

మేం నలుగురం, ఆయన స్నేహితుడు ఒకడు. పదిహేనుమందికి సరిపడా పులిహోర, పెరుగన్నం రెండు పెద్ద కూలర్ పెట్టెల్లో సర్దుకుని ఫెర్రీ ఎక్కాం.

రేవులో దిగగానే గుర్రపు లద్ది వాసన, అందులో కలిసిపోయి మిఠాయి కొట్లలో ఉడుకుతున్న చాక్లెట్ వాసన. కారన్నది లేదు. మా ఆయన ఫోన్ మీదనుంచి తల ఎత్తలేదు.

స్నేహితుడు కూలర్ మీద కూలబడ్డాడు. "ఏం బాస్, ఆ గుర్రాలకి కూడా బ్రేకులు నువ్వే డిజైన్ చేశావా?"

ఊరి మీదుగా కొండపైన తెల్లటి కోట కనిపిస్తోంది. దాని గోడ దగ్గర నిలబడితే సరస్సు ఆకాశం దాకా కనిపిస్తుందని నేను చెప్పినప్పటినుంచీ అత్తయ్య అదే ధ్యాసలో ఉన్నారు. మరుసటి వారమే ఆవిడ తిరుగు ప్రయాణం. కానీ కోట ముందున్న నిటారు దారి చూసి మోకాళ్ళు పట్టుకున్నారు.

"నేనీ పెట్టెల దగ్గర కూర్చుంటాలే. మీరెళ్ళి చూసి రండి."

"అదే బెటరమ్మా, ఫుడ్ కూడా సేఫ్‌గా ఉంటుంది," అన్నారు మా ఆయన.

అప్పుడు పుస్తకంలోని పటం నా కళ్ళముందు మెదిలింది. కోటకు వెనుకవైపు, కొండ మీదే ఇంకో ద్వారం ఉంది. అటునుంచి ఎక్కే పని లేదు. పిలిస్తే వచ్చే గుర్రపు టాక్సీలున్నాయనీ చదివాను.

"మీరూ వస్తున్నారత్తయ్యా," అని చెప్పి రేవులోని టికెట్ల కిటికీ వైపు నడిచాను.

మా అమ్మాయి వెనకే పరుగెత్తుకొచ్చింది. పన్నెండేళ్ళది, ఇక్కడే పుట్టింది. "అమ్మా, నేను మాట్లాడనా? నీ యాక్సెంట్ వాళ్ళకి అర్థం కాదు."

"పటం చూసింది నేను. నేనే అడుగుతా."

రెండుసార్లు అడగాల్సి వచ్చింది. రెండోసారికి కిటికీలోని పెద్దావిడ, ఆ ద్వారం సంగతి చాలామందికి తెలియదే అని ఆశ్చర్యపోతూ టాక్సీకి ఫోన్ చేసింది.

కూలర్లకు బండిలో చోటు లేదు. మా ఆయనా స్నేహితుడూ వాటిని మోసుకుంటూ కోట ముందున్న దారి పట్టారు. బండి అడవిలోంచి మెల్లగా ఎక్కుతుంటే అత్తయ్యకు చెప్పాను: ఈ కోట మొదట అవతలి ఒడ్డున ఉండేదట. ఇంగ్లీషు సైనికులు అక్కడి కట్టడాలు విప్పి, శీతాకాలంలో సరస్సు గడ్డకట్టాక మంచు మీద ఇటు లాక్కొచ్చారట.

"ఇళ్ళనా! మా వాడు ఇంజినీరు, వాడికీ తెలీదే ఇది."

ద్వారం దగ్గర దిగి అత్తయ్య నా చెయ్యి పట్టుకుని నెమ్మదిగా గోడదాకా నడిచారు. కింద నీలంగా సరస్సు.  మా ఆయన చెమటలు కక్కుతూ వచ్చేసరికి అత్తయ్య, "ఆలస్యమైందిరా, ఇటు రా. చలికాలంలో ఈ నీళ్ళు గడ్డకడితే ఏం చేశారో తెలుసా?" అని మొదలుపెట్టారు. నా కథంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పారు. నేను పక్కనే నిలబడి విన్నాను. అంత గర్వం నాకు ఏ పరీక్ష పాసైనప్పుడూ కలగలేదు.

పేర్లు తెలియకపోయినా చెప్పుకోవలసిన కృతజ్ఞతలున్నాయి. గడువు దాటుతుంటే పుస్తకాలు మళ్ళీ నా పేరునే రాసిచ్చిన లైబ్రరీ ఆమెకు. ఓపికగా రెండోసారి విన్న కిటికీలోని పెద్దావిడకు. గుంతల దగ్గర నిదానంగా బండి తోలిన అమ్మాయికి, ఆ రెండు గోధుమరంగు గుర్రాలకు. బండి మెట్టు అంత ఎత్తున ఉన్నా, నా మాట నమ్మి నా భుజం మీద చెయ్యి వేసి ఎక్కిన అత్తయ్యకు.