ఒక్క క్షణం బాబాయి

మందుల షాపులో పనిచేసే ఆయన్ని ఇంట్లో పిల్లలంతా ‘ఒక్క క్షణం బాబాయి’ అంటారు. ఆయనకి ఫొటోలు తీయడం సరదా. కెమెరాకి తగిలించింది తనకంటే పెద్ద వయసు లెన్సు. ఫోకస్ చేత్తో కుదుర్చుకోవాల్సిందే. పాత రేడియోలో స్టేషను వెతుకుతున్నట్టు రింగుని అటూ ఇటూ తిప్పుతూ, “ఒక్క క్షణం” అంటాడు. ఈలోగా ఎదుటివాళ్ల మొహాన పెట్టుకున్న నవ్వులు వాడిపోతాయి.

అసలు నవ్వే పెట్టుకోనిది ఆయన అక్కయ్య. తమ్ముడి పనిలో తప్పు పట్టందే ఆవిడకి పొద్దుగడవదు. ఓ ఆదివారం పేము కుర్చీలో బిగుసుకుని కూర్చుంది. అయిదు నిమిషాలు చూసి, “ఒరేయ్, నా జుట్టు నెరిసేలోగా తీస్తావా?” అంది. ఆ తల ముగ్గుబుట్టయి పదేళ్లయింది. ఇంటిల్లిపాదీ పకపకా నవ్వారు. ఆవిడా ఆపుకోలేక ముందుకి వంగి పగలబడి నవ్వింది. ఆయన నొక్కేశాడు. తీరా చూస్తే, వెనకున్న కుర్చీ అల్లికలో పుల్లపుల్లా లెక్కపెట్టొచ్చు. అక్కయ్య మొహం మాత్రం అలుక్కుపోయింది. సిగ్గుపడి ఆ ప్రింటుని సొరుగులో దాచాడు. వారం తిరిగేసరికి అది ముందుగదిలో గోడెక్కింది. పక్కింటావిడ చూసి, “అయ్యో, మొహం మసగ్గా పడిందే!” అంది.

అక్కయ్య చర్రుమంది. “కదిలింది నేను. మావాడు సరిగ్గానే తీశాడు.”