మనుషులున్న క్యాసెట్లు

నా పాత కంప్యూటర్ ప్రోగ్రాములు దాచుకునేది మామూలు పాటల క్యాసెట్లలోనే. ఖాళీవి ఉంటాయేమోనని దుమ్ముగూడెంలో మైక్‌సెట్టు పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన తన పెట్టెలోంచి ఒక్కోదాన్నీ తీసి టేప్‌రికార్డర్‌లో పెట్టి, కళ్లు మూసుకొని వినేవాడు. పెళ్లిపాటో, ఎవరిదో దగ్గో వినబడితే చాలు, తిరిగి పెట్టెలో పెట్టేసేవాడు.

“ఇందుల మనుషులున్నరు సార్. నేనియ్యను,” అనేవాడు.

గోదావరి మీద ఎండ పలచబడేదాకా అలా వింటూనే ఉన్నాం. ఒక్క ఖాళీదీ దొరకలేదు. చివరికి నా సంచిలోని పాత ప్రోగ్రాం క్యాసెట్టు తీసి, దాన్నే చెరిపి ఇమ్మన్నాను. అదీ పెట్టాడు. కీచుమని ఒకటే రొద. కళ్లు తెరవకుండా చివరిదాకా విన్నాడు.

“ఎవరు సార్ గిది?”

“ఎవరూ కాదు, కంప్యూటర్ చప్పుడు.”

“ఏమో సార్, ఏదో చెప్పాలని చూస్తున్నది.”

దాన్ని చెరపకుండా, పెళ్లిపాటల పక్కన తన పెట్టెలో పెట్టుకున్నాడు. తిరిగి ఇమ్మని నేను అడగలేదు.